నడిమధ్య నలుపు

మెట్ల కింద రఫూ గది

తమ్ముడికి,

నేను బాగానే ఉన్నాను. మోకాలు బాగా లేదు, దాని సంగతి అది చూసుకుంటుంది.

ఒక సందేహం వచ్చింది. నీ పనికి సంబంధించినది కాబట్టి బయట ఎవరినీ అడగలేదు. వజ్రం నడిమధ్య నల్లగా ఉంటుందా?

ఎందుకు అడుగుతున్నానంటే ప్రస్తుతం నా దగ్గర ఒకటి ఉంది. బస్సు డ్రైవరు గారి గురించి నీకు ఒకసారి రాశాను. నంబరు పలక నా మీద పడేదాకా నాకు కనపడదని కనిపెట్టి, స్టాపులో ఆపగానే కిటికీలోంచి తల బయటపెట్టి నంబరు గట్టిగా అరిచి చెబుతారే, ఆయన. పోయిన వారం జేబు చిరిగిందంటూ యూనిఫాం కోటు పట్టుకొచ్చారు. ఆ జేబు చిరగలేదు, కోశారు. చిరుగుకి పోగులు పీచులా లేస్తాయి, కత్తెరకి లేవవు. ఊరుకుని కుట్టాను. కుడుతుంటే లోపల ఉంగరం తగిలింది. కోటు మడిచి, ఉంగరం పైన పెట్టి, కూలి ఎంతో చెప్పాను.

"కోటు సరేనండీ, అది ఎలా ఉంది?" అన్నారు.

కళ్ళజోడు తీసి, ఎప్పటిలాగే ముక్కుకు ఆనించుకుని చూశాను. అంచుల్లో ఏదో మినుకుమంటోంది కానీ మధ్యంతా చీకటి. "నల్లగా ఉందండీ" అన్నాను. ఆయన తీసుకుని, చెయ్యి బారుగా చాపి, తల వెనక్కి వాల్చి చూసి, "ధగధగలాడిపోతోంది కదండీ" అన్నారు. నేను మళ్ళీ చూశాను. నల్లగానే ఉంది. ఆయన మళ్ళీ చూశారు. ధగధగలాడుతూనే ఉందట. అలా కాసేపు చేతులు మారింది. శాలువా తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ మమ్మల్నిద్దర్నీ చూసి, రేపు వస్తానని వెళ్ళిపోయింది.

ఆయన అడిగింది ఉంగరం గురించి మాత్రమే కాదని నీకు అర్థమయ్యే ఉంటుంది. నెలాఖరుకి చెబుతానన్నాను. మనిషి నాకు నచ్చాడు. ఈ వయసులో ఆ మాట రాయడానికి సిగ్గేమీ లేదు. కానీ నల్లటిదాన్ని పట్టుకుని ధగధగ అనే మనిషితో రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను. అబద్ధమైనా ఆడుతుండాలి, కళ్ళైనా పోయి ఉండాలి. డ్రైవరుకి రెండోది ఇంకా ప్రమాదం.

వెంటనే రాయి.

అక్క

*

సాన గది, కిటికీ పక్క బల్ల

అక్కకు నమస్కారాలు.

వజ్రం నడిమధ్య నల్లగా ఉండదు. ఉంటే కోత చెడ్డదని అర్థం. ఇది చెడ్డ కోత కాదు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. రాయికి పైన చదునుగా ఒక ముఖం ఉంటుంది, చుట్టూ నడుము, కింద మొన. పైనుంచి దిగిన వెలుతురు అడుగున ఒక వాలు గోడకి తగిలి, అక్కణ్ణుంచి ఎదుటి గోడకి తగిలి, మళ్ళీ పైకి వచ్చి నీ కంట్లో పడాలి. అదీ మెరుపంటే. గోడలు మరీ నిటారుగా ఉన్నాయనుకో, వెలుతురు పైకి రాకుండా కింద నుంచి కారిపోతుంది. అప్పుడు మధ్యలో మేకు తల దిగ్గొట్టినట్టు నలుపు. మరీ పల్చగా కోశారనుకో, నడుము అంచు లోపల ప్రతిఫలించి బూడిదరంగు వలయం కనిపిస్తుంది. చేపకన్ను అంటాం. ఈ రెండింటి మధ్య ఉన్న చోటు వెంట్రుకవాసి. ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ధగధగ కాస్తా దిగదుడుపు అవుతుంది. పాతికేళ్ళుగా నేను చేస్తున్నది ఆ వెంట్రుక మీద నడవడమే.

నువ్వు చెప్పిన రాయికి అడుగు కాస్త తక్కువ వాలు, ఒప్పుకుంటాను. అది పొరపాటు కాదు, కావాలని చేసినది. అలా కోస్తే బరువుకి మించి ముఖం పెద్దగా కనిపిస్తుంది. గది అవతల నుంచి చూసినా తెలుస్తుంది. అయినా చేపకన్ను దాకా పోలేదు. అలా ఆపడం అందరికీ చేతనయ్యే పని కాదు.

కాబట్టి ఇంకోసారి సావధానంగా చూడు. నడుము అంచు ఎంత సమంగా ఉందో చూశావా? మూలలన్నీ ఒకేచోట కలుస్తున్నాయి కదా? వాటి గురించి నువ్వేమీ రాయలేదు.

ఆ డ్రైవరు మంచివాడిలాగే ఉన్నాడు. తొందరపడకు.

తమ్ముడు

*

మెట్ల కింద రఫూ గది

తమ్ముడికి,

నీ ఉత్తరం రావడానికి ముందురోజే ఉంగరం తిరిగి ఇచ్చేశాను.

గొడవేమీ కాలేదు. పొద్దున బస్సు ఎక్కేటప్పుడు ఇచ్చి, "నాకు నల్లగానే కనపడుతోందండీ, బాగుందని చెప్పలేను" అన్నాను. ఆయన ఉంగరాన్ని నేను కుట్టిన జేబులోనే వేసుకుని, "అలాగేనండీ" అన్నారు. నాకు టిక్కెట్టు కూడా కొట్టించారు. దిగేటప్పుడు ఎప్పటిలాగే మెట్టు ఉంది జాగ్రత్త అన్నారు.

మర్నాటి నుంచి మా రూటులో వేరే డ్రైవరు. మన డ్రైవరు గారు కొండదారి రూటుకి మార్పు కోసం అర్జీ పెట్టుకున్నారట. ఒకటో తారీకు నుంచి అక్కడేనట.

కొత్తవాడు నంబరు అరవడు. నిన్న తప్పు బస్సెక్కి సిమెంటు ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్ళాను. అక్కడ బల్ల మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. సిమెంటు దుమ్మనుకుంటారులే అని ఏడ్చాను.

అక్క

*

సాన గది

అక్కకు,

అంత పని ఎందుకు చేశావు? నేను తొందరపడొద్దన్నాను కదా.

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నేనడిగిన వాటికి ఉన్నదున్నట్టు జవాబు రాయి. నువ్వు రాయిని చూసినప్పుడు ఎక్కడ కూర్చున్నావు? దీపం ఎటువైపుంది? కళ్ళజోడు తీసి చూశానన్నావు, ముక్కుకి ఆనించి అంటే నిజంగా ఆనించేనా, మాటవరసకి అన్నావా? తల ఎంత వంచావు? నీ జుట్టు ముందుకి పడిందా?

నవ్వకు. నాకు ఈ మధ్య అన్నం సయించడం లేదు.

తమ్ముడు

*

బస్టాపు బల్ల మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

దీపం నా వెనక, నెత్తి మీద. అక్కడే ఎప్పుడూ ఉంటుంది. ముక్కుకు ఆనించి అంటే ఆనించే. రాయి చల్లగా తగిలింది కూడా. జుట్టు పడింది, తోసుకున్నాను, మళ్ళీ పడింది. తల ఎంత వంచుతానో నీకు తెలియదా? ఇరవై రెండేళ్ళు నా ఎదురుగా కూర్చుని తిన్నావు.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను.

నేను నీకు రాసింది మధ్యలో నల్లగా ఉందని ఒక్కటే. అడుగు తక్కువ వాలని నేను రాయలేదు. రాయి అడుగు నాకు కనపడనే లేదు, అది బంగారంలో కూర్చుని ఉంది. మరి అది కావాలని చేసినదని నీకెలా తెలుసు? చేపకన్ను దాకా పోలేదని అంత ధీమాగా ఎలా చెప్పావు? ఊళ్ళో వజ్రాలన్నీ నీకు ఉత్తరాలు రాస్తాయా?

నేను రఫూ చేసేదాన్ని. అతుకు ఎక్కడ మొదలైందో వెతకడమే నా పని. నీ ఉత్తరంలో అతుకు మొదటి పేరాలోనే ఉంది: "ఇది చెడ్డ కోత కాదు" అట. ఆయన నీ దగ్గరికి వచ్చారా?

బస్సు ఏదో వచ్చింది. ఏ నంబరో తెలియదు. వెళ్ళనిచ్చాను.

అక్క

*

సాన గది

అక్కకు,

వచ్చారు. ఆ రాయి నేనే కోశాను.

రెండు నెలల కిందట సెలవు పెట్టి మరీ వచ్చారు. గేటు దగ్గరికి పిలిపించి, నాకంటే అంత పెద్దాయన నన్ను మీరు అంటూ, "మీ అక్కగారిని ఒక మాట అడగాలనుకుంటున్నాను, మీకేమీ అభ్యంతరం లేదు కదా" అన్నారు. నా చేతులకి మోచేతి దాకా నూనె. "కూర్చోండి" అన్నాను. అక్కడ కూర్చోవడానికి ఏమీ లేదు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.

ఉంగరం సంగతి వస్తే రాయి నేనే కోసిస్తానన్నాను. కోసింది నేనని నీతో మాత్రం చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఎందుకంటే, ఈ పనిలో చేరినప్పటి నుంచి చేతికొచ్చిన ప్రతి మంచి రాయినీ మేస్త్రీని బతిమాలి తెచ్చి నీకు చూపించాను. ప్రతిసారీ "బాగుంది" అన్నావు. ఒక్కసారి, ఒక్కసారైనా, నాదని తెలియకుండా నువ్వు చూస్తే ఏమంటావో వినాలనిపించింది. విన్నాను.

ఆయన మాట తప్పలేదు. నువ్వు ఉంగరం తిరిగిచ్చినప్పుడు కూడా నా పేరెత్తలేదు. నా గొప్ప కోసం ఆయన నోరు కట్టేశాను, చివరికి నీ కొంప ముంచాను.

ఇక నలుపు సంగతి. నీ ఉత్తరం రాగానే అలాంటి కోతే ఉన్న రాయి ఒకటి తీసుకుని, దీపం నెత్తి మీద ఉంచి, నీలాగే ముక్కుకు ఆనించాను. ఆరిపోయింది. వెనక్కి జరిపితే వెలిగింది. మళ్ళీ ఆనిస్తే ఆరిపోయింది. అడుగు వాలు తక్కువైన కొద్దీ రాయి తనకు ఎదురుగా, నిటారుగా పైన ఉన్నదాన్నే చూపిస్తుంది. చెయ్యి చాపి చూసేవాళ్ళకి పైన దీపం ఉంటుంది, కిటికీ ఉంటుంది. నీకు పైన ఉన్నది నువ్వే. నువ్వు చూసిన నలుపు రాయిది కాదక్కా. అది నీ తల.

నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఆయనకి చత్వారం, నీకు దగ్గరచూపు. ఇద్దరూ ఉన్నదే చెప్పారు.

మా గదిలో మేస్త్రీ రాయిని చెయ్యి చాపి చూస్తాడు. కొనేవాళ్ళూ అలాగే చూస్తారు. మేం భూతద్దం పెట్టేది గీతలు వెతకడానికే, వెలుగు చూడటానికి కాదు. నేను మేస్త్రీ కంటికి కోశాను. చిన్నప్పుడు నా అరికాల్లో ముల్లు దిగితే నువ్వు కాలు ముక్కుకు ఆనించుకుని తీసేదానివి. నీ ఊపిరి వెచ్చగా తగిలి చక్కిలిగింత పెట్టేది, నవ్వితే ఒకటిచ్చేదానివి. నీ కోసం కోస్తూ కూడా నీ కన్ను నాకు గుర్తు రాలేదు. సిగ్గుగా ఉంది. చాలా సిగ్గుగా ఉంది.

ఆయన ఉంగరం తెస్తే మళ్ళీ కోస్తాను. అడుగు వాలు పెంచితే రాయి పక్కల నుంచి వెలుతురు తెచ్చుకుంటుంది, నీ తలకి అంతగా లొంగదు. కాకపోతే వాలు పెరగాలంటే నడుము తగ్గాలి. రాయి చిన్నదవుతుంది.

తమ్ముడు

*

మెట్ల కింద రఫూ గది

తమ్ముడికి,

యాభై దాటాక నా తల నాకు చూపించావు. సంతోషం.

ముందు నిన్ను తిట్టాలి. ఆయన రెండు నెలలు నీ మాట మోసుకుని తిరిగారు. నేను ఆయన్ని అబద్ధాలకోరు అనుకున్నాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని ఏడ్చాను. ఇదంతా నీకు మెచ్చుకోలు కావాలని. అడిగితే నేను ఇవ్వనా?

ఇచ్చేదాన్నే, అదే ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది. నువ్వు మొట్టమొదట తెచ్చి చూపించిన రాయి గుర్తుందా? కాగితం పొట్లం విప్పి నా బల్ల మీద పెట్టావు. అది కూడా నల్లగానే ఉంది. తర్వాత తెచ్చినవీ అంతే. వజ్రాలన్నీ మధ్యలో నల్లగానే ఉంటాయి కాబోలు, మెరుస్తుందనడం లోకమర్యాద కాబోలు అనుకున్నాను. పెళ్ళికూతురు చక్కగా ఉందంటారు చూడు, అలాగ. పాతికేళ్ళు నీకు ఆ మర్యాద చేశాను. నీ పని నాకు ఒక్కసారి కూడా కనపడలేదురా. నీ మొహం మాత్రం కనపడేది, అంత దగ్గరగా పెట్టి అడిగేవాడివి. దాన్ని చూసే బాగుందన్నాను.

ఆయనకి ఆ మర్యాద చెయ్యలేకపోయాను. ఆయనతో రోజూ ఉండాలనుకున్నాను కాబట్టి.

నీ ఉత్తరం చదివి డిపోకి వెళ్ళాను. అక్కడ అందరూ ఒకే రంగు కోటు, మొహాలు నాకు తెలియవు. పేరు పెట్టి పిలవడానికి మొహమాటం. అందుకని ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళి జేబుకు ముక్కు ఆనించి చూసుకుంటూ వచ్చాను. మంచి రఫూ ఎవరికీ కనపడకూడదు, కుట్టినవాళ్ళకి తప్ప. ఇద్దరు ముగ్గురు బెదిరి వెనక్కి జరిగారు. ఒకాయన తన జేబులో ఏమీ లేదని ముందే చెప్పాడు. బెంచీ చివర కూర్చున్నాయన మాత్రం కదల్లేదు. చూస్తే కుట్టు నాది.

"తప్పు రాయిది కాదండీ, నా తలది" అన్నాను. ఆయన తల వెనక్కి వాల్చి నన్ను చూసి, "మీ తలకేమండీ, బాగానే ఉంది" అన్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాను. ముల్లు దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆయన తన రుమాలిచ్చారు.

ఆ తర్వాత పేచీ వచ్చింది. రాయి మళ్ళీ కోయిస్తానని ఆయన. వద్దని నేను. "ఎంత చిన్నదైతే ఏమండీ, మీకు కనపడాలి" అంటారు. "ఎంత నల్లగా ఉంటే ఏమండీ, మీకు కనపడుతోందిగా" అంటాను. ఈసారి మాత్రం చేతులు మారింది ఉంగరం కాదు, రుమాలు. బస్సు బయల్దేరే వేళయినా తెగలేదు. ఆయన సెలవు రోజున నీ దగ్గరికి తెస్తారు. నా మాట వింటావో ఆయన మాట వింటావో నువ్వే తేల్చు.

ఆయన జవాబు అడగలేదు. నేనూ చెప్పలేదు. రాయి వచ్చాక చెబుతాను. ఇంకెప్పుడూ నన్ను అలా పరీక్షించకు, తన్నేస్తాను.

అక్క

*

సాన గది

అక్కకు,

ఆయన మాటే విన్నాను.

ఆదివారం వచ్చారు. ఈసారి కూర్చోవడానికి నూనె డబ్బా ఒకటి బోర్లించాను. బంగారంలోంచి రాయి ఊడదీసి, పిడికి బిగించి చక్రం మీద పెట్టాను. కొంచెం అరగదీయడం, తుడవడం, దీపం కింద తల వంచి ముక్కుకు ఆనించి చూడటం, మళ్ళీ అరగదీయడం. గదిలో అందరూ నేను రాయి వాసన చూస్తున్నాననుకున్నారు. మేస్త్రీ వచ్చి ఏమిటిది అన్నాడు. ముక్కుకు ఆనించుకుని చూసే మనిషి కోసం కోస్తున్నానన్నాను. "అలాంటివాళ్ళు ఎంతమంది కొంటార్రా?" అన్నాడు. ఒక్కరే అన్నాను. రాయి పాడుచేస్తున్నావని గొణుక్కుంటూ పోయాడు. మేస్త్రీ లెక్కలో అది నిజమే. గది అవతల నుంచి చూస్తే ఇప్పుడది ఇదివరకంత రాయి కాదు.

నేను తుడిచిన ప్రతిసారీ డ్రైవరు గారు తీసుకుని, చెయ్యి చాపి, తల వెనక్కి వాల్చి చూసి "బాగుందండీ" అన్నారు. చివరికి వచ్చేసరికి ఆ మాటకి ముందు కొంచెం ఆగారు.

"చిన్నదైంది కదండీ?" అన్నాను.

"అయింది."

"మీకు పెద్దగా కనపడాలని మొదట మీరే కదా అడిగారు?"

"రాయిని ఆవిడ చూసుకుంటారు లెండి. ఆవిడ దాన్ని చూస్తుంటే నేను ఆవిడ్ని చూస్తాను. అంత దూరం నాకు బాగానే కనపడుతుంది" అన్నారు.

నేను చక్రం ఆపి "అలాగే బావగారూ" అన్నాను. పని మధ్యలో చక్రం ఎందుకు ఆపావని మేస్త్రీ అవతల నుంచి అరిచాడు.

నువ్వు ఇంకా సరేననలేదని తెలుసు. నోరు జారింది. వెనక్కి తీసుకోను.

అక్కా, నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర సరిగ్గా లేదు. పాతికేళ్ళూ నల్లగానే కనపడ్డాయా? అన్నీనా? ఉంగరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఈసారి ఉన్నమాట రాయి. నల్లగా ఉంటే నల్లగా ఉందనే రాయి.

తమ్ముడు

*

మెట్ల కింద రఫూ గది

తమ్ముడికి,

ఉంగరం అందింది. దుకాణం తలుపు వేసేసి చూశాను, ఎవరైనా శాలువా కోసం వస్తారని. ఆయన బల్ల అవతల కూర్చున్నారు.

దీపం వెనకే ఉంచి, కళ్ళజోడు తీసి, ముక్కుకు ఆనించాను. నా తల ఇంకా అక్కడే ఉంది, మధ్యలో ఆవగింజంత. దాని చుట్టూరా తెల్లగా ముక్కలు ముక్కలుగా వెలుతురు. కొంచెం కదిపితే ఒక ముక్క ఆరి పక్కది వెలుగుతుంది. ఒకచోట ఎరుపు, పక్కనే నీలం. రంగులు ఉంటాయని నాకెవరూ చెప్పలేదు. బహుశా నువ్వు చెప్పే ఉంటావు, నేను అదీ మర్యాదే అనుకుని ఉంటాను. నడుము అంచు సమంగా ఉంది. మూలలన్నీ ఒకేచోట కలుస్తున్నాయి. ఒక్కొక్కటీ వెతికి వెతికి చూశాను, తప్పు దొరకలేదు. ఈ పనా నువ్వు ఇన్నాళ్ళూ చేస్తున్నది?

ఎంతసేపు చూశానో తెలియదు. తలెత్తేసరికి ఆయన చెయ్యి చాపేంత దూరంలో కూర్చుని నన్నే చూస్తున్నారు. ఆయన అడక్కముందే సరేనన్నాను. సాక్షి సంతకం నీదే. రిజిస్ట్రారు ఆఫీసుకి చేతులు కడుక్కుని రా.

కొండదారి మార్పు కాగితం ఇక వెనక్కి రాదట, సంతకాలన్నీ అయిపోయాయి. పోనీలే అన్నాను. మా రూటులో కొత్తవాడికి చెప్పిపెట్టారు. ఇవాళ పొద్దున స్టాపులో ఆపి, తల బయటపెట్టి, సిగ్గుతో చచ్చిపోతూ నంబరు అరిచాడు. బస్సులో వాళ్ళంతా నన్నే చూశారట. నాకెలాగూ కనపడదు.

నీ రాయి బాగుంది. ఈసారి చూసి చెబుతున్నాను.

అక్క